జానెడున్నర లోతు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం మేస్త్రి తిన్నది రెండు ముక్కల రొట్టె, ఒక ఉడికించిన గుడ్డు. తిన్న చోటు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్యనున్న మెట్లు. గుడ్డు పెంకు సగం ఒలిచాడో లేదో, పోస్టుమాన్ రొప్పుతూ పైకొచ్చాడు.

"ఇవాళ కూడా మకాం ఇక్కడేనా మేస్త్రిగారూ? ఈ మెట్టు మీద మీ పేరు రాయించెయ్యండి, నాకు పై పది మెట్లూ ఎక్కే బాధ తప్పుతుంది" అంటూ ఒక కవరు చేతికిచ్చాడు.

మేస్త్రి పెదవుల మీద వేలు పెట్టి పైకి చూపించాడు. పోస్టుమాన్ నాలుక కరుచుకుని, మునివేళ్ళ మీద దిగి వెళ్ళిపోయాడు.

పైన ఇంట్లో కూతురు నిద్రపోతోంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఏడాదిగా రాత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిదిన్నరకి ఉసూరుమంటూ వచ్చి, మొహం కడుక్కుని మంచం మీద వాలుతుంది. ఉన్నవి రెండే గదులు. మధ్య గోడ ఒంటి ఇటుకది. తలగడ సర్దుకున్నా అవతలికి వినిపిస్తుంది.

మేస్త్రి నలభై ఏళ్ళు గచ్చులు వేసినవాడు. ఇళ్ళకి, బళ్ళకి, బ్యాంకులకి, ఒకసారి ఏకంగా రైల్వే స్టేషనుకి. మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని కాబట్టి ముందుగా అరిగింది ఆ మోకాళ్ళే. డాక్టరు ఇక పని మానెయ్యమన్నాడు. భార్య పోయి అప్పటికి ఏడాది. పని మానేసినప్పటి నుంచి పగలంతా ఆయన పని ఒక్కటే, కూతురు నిద్ర పాడు చెయ్యకుండా ఉండటం. కుర్చీ కాళ్ళకి గుడ్డలు చుట్టాడు. కారే కుళాయి కింద స్పాంజి పెట్టాడు. దగ్గొస్తే తువ్వాలులో మొహం దాచుకుని దగ్గేవాడు. అయినా ఆమెకి కంటి మీద కునుకు నిలిచేది కాదు.

"నువ్వు చప్పుడు చేస్తే ఫరవాలేదు నాన్నా" అంది ఒక రోజు, ఎర్రటి కళ్ళు నులుముకుంటూ. "చప్పుడు చెయ్యకుండా ఉంటున్నావే, అది వినిపిస్తుంది నాకు. గోడవతల ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడని తెలుస్తుంటే నిద్రెలా పడుతుంది?"

మర్నాడే ఆయన మెట్ల మీదకి మారాడు. ఇప్పుడామెకి, నాన్న మెట్ల మీద కూర్చున్నాడన్న బెంగతో నిద్ర పట్టడం మానేసింది. పోయిన వారం బస్సులో కునికి, దిగాల్సిన చోటు దాటి డిపో దాకా పోయి, అక్కణ్ణుంచి కాళ్ళీడ్చుకుంటూ నడిచొచ్చింది.

కవరు పురపాలక సంఘం వాళ్ళది. రైలు కట్ట పక్కనున్న ఖాళీ జాగాని అరవై మడులుగా విడగొట్టి, కూరగాయలు పండించుకుంటామన్న వాళ్ళకి ఇస్తారు. ముప్ఫై ఏడో మడి మేస్త్రి పేరున వచ్చింది. ఏప్రిల్ పది నాటికి నేల నాటడానికి సిద్ధం చేసి ఉంచాలి, గుమాస్తా వచ్చి చూస్తాడు, సిద్ధంగా లేకపోతే జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. మేస్త్రి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన ఎప్పుడూ ఎవరినీ ఏ మడీ అడగలేదు.

"ఎనిమిది నెలల కిందట నేనే దరఖాస్తు పెట్టాను, నీ పేరు మీద" అంది కూతురు సాయంత్రం టీ తాగుతూ.

"ఓహో. నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టాలని చూస్తున్నావన్నమాట."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"అవును. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఎక్కడో ఒక చోట నువ్వు హాయిగా చప్పుడు చేసుకుంటున్నావని తెలిస్తే నాకు నిద్ర పడుతుంది. ఆ మడి పోయిందంటే మళ్ళీ మెట్లే నాన్నా. నీకైనా, నాకైనా."

రెండు రోజుల తర్వాత మేస్త్రి పలుగూ పారా భుజాన వేసుకుని వెళ్ళాడు. జన్మలో ఒక్క మొక్క నాటి ఎరగడు. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై నాలుగడుగుల పొడవు. చూడటానికి ఒక మాదిరి హాలంత. మొదటి రోజు కలుపు పీకేసరికే నడుం పట్టేసింది. తవ్వడం మొదలెట్టాక సీసా పెంకులు, తుప్పు మేకులు, ఒక చెప్పు అడుగు, ఎవరిదో గిన్నె మూత, అన్నీ ఒక్కొక్కటే పైకొచ్చాయి. అడుగు తవ్వడం, పది నిమిషాలు కూర్చోవడం. బాట పక్కన ఎవరో ఒక చెట్టు మొద్దు వేసి ఉంచారు. సరిగ్గా ఆయన మోకాళ్ళకి నొప్పి తెలియనంత ఎత్తు. ఎవరు వేశారో గానీ, కూర్చున్న ప్రతిసారీ వాళ్ళకి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకునేవాడు.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురింకా లేవలేదు. ఐదింటికి లేచింది, చెంప మీద దుప్పటి మడత అచ్చు పడి.

"ఏడు గంటలు పడుకున్నాను నాన్నా" అంది, తనకే నమ్మకం లేనట్టు.

మేస్త్రి నడుం నొప్పి నొప్పిగానే ఉంది గానీ, మర్నాడు లేచి వెళ్ళడానికి మాత్రం బద్ధకం వెయ్యలేదు.

ఇరవై ఐదో తేదీకి మడి మొత్తం తవ్వడం అయిపోయింది. గడ్డలు చితక్కొట్టి, రాళ్ళేరి, ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి నడిచి చూశాడు. కాలు చీలమండ దాకా దిగబడింది.

నలభై ఏళ్ళలో ఆయనకి వచ్చిన పీడకల ఒక్కటే, వేసిన గచ్చు కింద నేల కుంగిపోవడం. గుల్లగా ఉన్న మట్టిని గుల్లగా వదిలేసి ఇంటికెళ్ళడమంటే, కుట్టిన చొక్కాకి చేతులు పెట్టకుండా ఇచ్చెయ్యడమే ఆయన లెక్కలో. అందుకని పెద్దగా ఆలోచించిందేమీ లేదు. కుళాయి దగ్గర్నుంచి బకెట్లతో నీళ్ళు మోసి మడంతా తడిపాడు. ఒక రాత్రి నాననిచ్చాడు. మర్నాడు ఇంట్లో మంచం కిందున్న దిమ్మిస తీసుకొచ్చాడు. నిలువు కర్రకి అడుగున బరువైన ఇనప దిమ్మ. రెండు చేతులా ఎత్తి కుదేస్తే నేల బిగుసుకుంటుంది. నాలుగు రోజులు కుదేశాడు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి దారం కట్టాడు. రసమట్టం పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా బుడగ వచ్చి నడిమధ్యన కూర్చుంది.

చుట్టుపక్కల మడుల వాళ్ళు చూస్తూనే ఉన్నారు. మేస్త్రి కదా, సామాను కొట్టు కట్టుకోడానికి పునాది వేస్తున్నాడనుకున్నారు.

"నేల సిద్ధం తల్లీ" అన్నాడు ఆ సాయంత్రం. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. కానీ మొహంలో చాలాకాలం తర్వాత పని పూర్తి చేసిన మనిషి కళ ఉంది.

ముప్ఫయ్యో తేదీ ఆదివారం పక్క మడి ఆవిడ వచ్చింది. బట్టలు కుడుతుంది కాబట్టి అందరూ దర్జీ అక్క అంటారు. ఆవిడకి అరవై ఎనిమిది. డెబ్బై దాటిన వాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, మేస్త్రి మడి ముందు నిలబడిపోయింది.

"కంటి ఆపరేషన్ చేయించుకుని రెండు వారాలు ఇంట్లో పడున్నాను. కొత్త కళ్ళు, ఇంకా అలవాటు కాలేదు. నువ్వే చెప్పాలి బాబూ, నాకిక్కడ గచ్చు కనబడుతోంది. నిజంగా ఉందా?"

"గచ్చు కాదక్కా, నేలే" అన్నాడు మేస్త్రి గర్వంగా. "కాకపోతే మట్టానికి గోరంత తేడా ఉండదు. కావాలంటే చూసుకో."

"చూస్తూనే ఉన్నాను. గోళీలాడుకోవచ్చు. మరి విత్తనాలెక్కడ వేద్దామని?"

"ఇందులోనే. చిన్న చిన్న బెజ్జాలు పెట్టి…"

"డ్రిల్లింగు మిషను తెచ్చుకున్నావా?"

దర్జీ అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఆయాసమొచ్చి మొద్దు మీద కూలబడింది. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకోబోయి, డాక్టరు తాకొద్దన్నాడని గుర్తొచ్చి ఆగింది. అప్పుడు మేస్త్రి మొహం చూసింది. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆవిడ లేచి తన మడి మూలనున్న సామాను కొట్టులోంచి ఒక ఇనప చువ్వ తెచ్చింది. మేస్త్రి చేసిన నేల మీద ఆనించి, బరువంతా వేసి నొక్కింది. గోరు లోతు కూడా దిగలేదు. రెండడుగులు పక్కకి వేసి, తన మడిలో గుచ్చింది. చెయ్యి ఆనించీ ఆనించకముందే సర్రున జారిపోయింది.

"గుమాస్తా ఇలాంటిదే తెస్తాడు. అడుగడుక్కీ గుచ్చుతాడు. చేతి బరువుకి జానెడున్నర లోతు దిగాలి. వేరుకి ఊపిరాడొద్దూ మేస్త్రీ? నువ్వు దానికి ఊపిరాడకుండా చేసి పెట్టావు."

మేస్త్రి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "పదకొండు రోజులున్నాయి" అన్నాడు. పలుగు అందుకున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో వాన మొదలైంది.

రెండు రోజులు కురిసింది. ఎటూ వాలు లేని నేల కాబట్టి మడిలో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడ్డాయి. పక్క మడులన్నీ తాగేసి నల్లగా, మెత్తగా ఉంటే, ముప్ఫై ఏడో మడి మాత్రం ఆకాశాన్ని చూపిస్తూ పడుంది. మేస్త్రి ఫ్యాంటు పైకి మడిచి దిగబోతే దర్జీ అక్క కేకేసింది.

"తడి మీద తవ్వావో, ఎండాక ఇటుకలే. మొన్న గచ్చు వేశావు, ఇప్పుడు గోడలు కూడా కడతావా? ఆరనియ్యి."

మూడు రోజులు ఆరనిచ్చాడు. ఆ మూడు రోజులూ మెట్ల మీదే.

"నేల సిద్ధమన్నావు, మళ్ళీ ఇక్కడేం చేస్తున్నావు?" అంది కూతురు రెండో రోజు, తలుపు దాటి వచ్చి, నిద్రలేని కళ్ళతో.

"వాన పడింది కదమ్మా" అన్నాడు. అబద్ధం కాదు. నిజం అంతకంటే కాదు.

ఏప్రిల్ నాలుగున మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పార పనికి రాలేదు, గునపమే దిక్కయింది. నేల పెచ్చులు పెచ్చులుగా లేచింది. తన పని ఎంత గట్టిదో ఆయనకే తెలిసొచ్చింది. జన్మలో మొదటిసారి, ఎక్కడో ఒక చోటైనా నాసిరకంగా కుదేసి ఉంటే బాగుండేదనుకున్నాడు. ఒక్క చోటా లేదు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒళ్ళు హూనం చేసుకుంటే రెండడుగులు. లేచిన పెచ్చుల్ని దర్జీ అక్క మొద్దు మీద కూర్చుని సుత్తితో చితక్కొట్టేది, కంటి ఆపరేషన్ మూలంగా వంగకూడదు కాబట్టి. తన కొట్టులోంచి కుళ్ళిన ఆకు ఎరువు రెండు బస్తాలు ఇచ్చింది. "అప్పు కాదు, మళ్ళీ ఇస్తానని పరిగెత్తుకు రాకు" అంది.

ఏడో తేదీ సాయంత్రం టీ గ్లాసు పట్టుకోబోయి మేస్త్రి వేళ్ళు ముడవలేకపోయాడు. కూతురు ఆయన చేతులు రెండూ తిప్పి చూసింది. అరచేతుల్లో బొబ్బలు పగిలి, వాటి మీద మళ్ళీ బొబ్బలు. వేన్నీళ్ళతో కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టింది. ఆసుపత్రిలో రోజుకి ముప్ఫైమందికి చేసే పనే. కానీ రెండో చెయ్యి దగ్గరకొచ్చేసరికి తల దించుకుంది.

మర్నాడు పొద్దున ఆమె బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. డ్యూటీ బట్టల్లోనే నేరుగా మడి దగ్గరకొచ్చింది. కొంత తవ్వి, మిగతాదంతా అద్దంలా మెరుస్తున్న నేలని చూసింది.

"ఇదేంటి నాన్నా?"

"గచ్చు" అంది దర్జీ అక్క. "మీ నాన్న కూరగాయల కోసం వేశాడు, కాళ్ళకి మట్టి అంటకుండా."

మేస్త్రి చెప్పక తప్పలేదు. చువ్వ సంగతి కూడా చెప్పాడు. కూతురు విని, చేతిసంచీ కింద పెట్టి, పార తీసుకుంది.

"నువ్వు ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు మేస్త్రి.

"ఒక్క గంట తవ్వి వెళ్తాను."

"తల్లీ, ఈ మడి ఎందుకొచ్చింది? నీ నిద్ర కోసం. నువ్వే నిద్ర మానుకుని తవ్వితే ఇంకెందుకిది, తగలెయ్యడానికా?"

"నీ చేతులిలా చేసుకోడానికి కూడా కాదు నాన్నా ఇది. పక్కకి జరుగు."

పక్కకి జరగాల్సి వచ్చింది. అచ్చం తల్లి గొంతు. ఆమె గంట తవ్వలేదు, పావుగంట తవ్వింది. తర్వాత దర్జీ అక్క కొట్టు నీడలో, ఖాళీ బస్తాల మీద, రెండు నిమిషాలు కూర్చుంటానని కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. ఒక కాలి చెప్పు ఇంకా కాలికే ఉంది.

మేస్త్రి గునపం ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

"ఏం, ఆగావేం?" అంది దర్జీ అక్క.

"లేస్తుంది."

"లేస్తే లేస్తుంది. ఎల్లుండి మాత్రం ఆగుతుందా?"

మేస్త్రి మెల్లిగా ఒక పోటు వేశాడు. కూతురి వైపు చూశాడు. కదలలేదు. ఇంకొంచెం గట్టిగా వేశాడు. ఆ తర్వాత, చూసీ చూసీ, ఉన్న బలమంతా పెట్టి వేశాడు. గునపం రాయి మీద పడి ఖంగుమంది. దర్జీ అక్క సుత్తి ఆగలేదు. కట్ట మీద గూడ్సు బండి ఒకటి నేల అదిరిపోయేలా, ఎంతకీ తరగకుండా పోయింది. పిల్ల నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లప్పటిలాగే, నిద్రపోతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటి దాకా అంతే. ఎండ జరిగినప్పుడల్లా దర్జీ అక్క గొడుగు జరుపుతూ వచ్చింది.

మేస్త్రి ఆ రోజు మూడడుగులు తవ్వాడు.

పదో తేదీ గురువారం పదకొండింటికి గుమాస్తా వచ్చాడు. చేతిలో ఒక రిజిస్టరు, చంకలో చువ్వ. ఆయన వెనకాల బస్సు డ్రైవరు ఒకాయన, యూనిఫారంలో. జాబితాలో తర్వాతి మనిషి. కొత్త పార పట్టుకుని, దానికింకా ధర చీటీ వేలాడుతుంటే, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు బాట అంచున నిలబడ్డాడు.

గుమాస్తా గుచ్చుకుంటూ పోయాడు. మొదటడుగు, దిగింది. రెండో అడుగు, దిగింది. దర్జీ అక్క పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దాకా లెక్కపెట్టింది. పదిహేనో చోట చువ్వ టంగుమని ఆగిపోయింది. గుమాస్తా అదిరిన తన మణికట్టు పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, మడి మొత్తం అని రాసుంది కాగితంలో" అన్నాడు. కటువుగా అనలేదు. ఆయనా ఈ మాట అనాల్సొచ్చినందుకు అలిసిపోయినట్టే ఉన్నాడు.

"ఉందండి" అన్నాడు మేస్త్రి.

"పద్నాలుగడుగులు వెన్నలా ఉంది కదయ్యా!" అంది దర్జీ అక్క. "వెన్న ఉన్నంత మేర రాసుకో."

"అలా రాయడానికి గడి లేదక్కా."

మేస్త్రి గునపం దర్జీ అక్క కొట్టు గోడ వారగా పెట్టి, గుడ్డలు చుట్టిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మెట్లు గుర్తొచ్చాయి. బస్సు డ్రైవరు ఆ చేతుల వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"నాకు మధ్యాహ్నం డ్యూటీ అండి. పొద్దున పూట రెండు గంటలే ఖాళీ. ఇంత మడి నేనెక్కడ తవ్వను? ఆ చివర పది అడుగులిస్తే నాకు బోలెడు." చివరనున్న నున్నటి నేలని బూటుతో ఒకసారి తట్టి చూశాడు. "కాకపోతే ఇది… ఇదేం నేలండీ బాబూ?"

"అది నేను గట్టిపరిచిందండి" అన్నాడు మేస్త్రి. "విప్పడం కూడా ఇప్పుడు నాకే తెలుసు. రోజుకి రెండడుగులు. ఇద్దరమైతే వారంలో అయిపోద్ది."

గుమాస్తా రిజిస్టరు తెరిచి, కలం చెవి మీద పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. గడి లేని చోట ఒక గీత గీశాడు. ఒక పక్క ముప్ఫై ఏడు-అ అనీ, ఇంకో పక్క ముప్ఫై ఏడు-ఆ అనీ రాశాడు.

"పై వాళ్ళు అడిగితే నన్ను తిడతారు" అన్నాడు.

"తిడితే నా దగ్గరకి పంపు. కొత్త కళ్ళతో చూసుకుంటాను" అంది దర్జీ అక్క.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. కూతురు లేచి జుట్టు దువ్వుకుంటోంది. అద్దంలోంచే ఆయన మొహం చదవడానికి చూసింది.

"పద్నాలుగడుగులు మనవి" అన్నాడు. "పది పోయాయి."

"నీకు చాలవా?"

"నాకు ఎక్కువే. నీకు చాలుతాయా?"

ఆమె దువ్వెన ఆపి, ఆలోచించి, "చాలుతాయి" అంది.

మేస్త్రి కాళ్ళు కడుక్కుని, రేపు బస్సు డ్రైవరు ఎనిమిదింటికే వస్తాడనీ, పెచ్చులు లేపడం అతనికి ఎలా నేర్పాలో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు అంచున పోటు వెయ్యాలి, తర్వాత వాలుగా… చెబుతూ చెబుతూ మంచం మీద కూర్చున్నాడు. కూర్చుని ఒరిగాడు. వాలుగా అన్న మాట రెండోసారి నోట్లోనే ఉండిపోయింది.

కొంచెంసేపటికి, నిద్ర అంచు మీద, చీకటి పడుతున్నట్టు తెలిసింది. అవతల గదిలో గిన్నె మూత ఒకటి కిందపడి గిరగిరా తిరిగి ఆగింది. ఎవరో ఆయన కాళ్ళ మీద దుప్పటి కప్పారు. గుడ్డ చుట్టిన చేతిని ఎత్తి, ఒత్తుకోకుండా పక్కన పెట్టారు. చేతిసంచీ జిప్పు, చెప్పులు వినిపించాయి. లేచి జాగ్రత్త అని చెప్పాలనుకున్నాడు గానీ ఒళ్ళు ఒప్పుకోలేదు.

కూతురు డ్యూటీకి బయల్దేరింది. గుమ్మం దాటి, ఒక్క క్షణం ఆగి నాన్న గురక విన్నది. గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగింది.